మామూలు చప్పుడు

అరవైకి అరవై కలిపితే ఎంత? ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ని, నూట ఇరవై అన్నాను. మీటరమ్మాయి తల అడ్డంగా ఊపి అరవై మూడు అంది. చప్పుళ్ల లెక్క అలాగే ఉంటుందట. వేళాకోళమాడుతోందేమో అనుకున్నాను గానీ ఆ పిల్ల మొహంలో నవ్వు లేదు.

మా ఇంటి వెనక ఖాళీ స్థలంలో బస్సుల డిపో కడతారట. కట్టేముందు మట్టి, చెట్లు, పక్షులు, చప్పుడు అన్నీ చూసి, మాకెంత ఇబ్బందో తేల్చి రిపోర్టు రాయాలి. చప్పుడు కొలిచే పని ఈ అమ్మాయిది. ఇబ్బంది ఎక్కువని తేలితే డిపో చుట్టూ మోతను ఆపే ఎత్తైన గోడ కడతారు. తక్కువని తేలితే లేదు.

నాకా గోడ కావాలి. మా అక్కకు చూపు పోయి తొమ్మిదేళ్లయింది. చేతికర్ర ఇస్తే విసిరికొడుతుంది. దర్జీ మిషను వినబడితే సందు మొదలు, పిండిమర మోత వస్తే సగం దూరం, తాళాలు చేసేవాడి ఆకురాయి గరగర దాటాక మూడో గేటు మాది. రోజూ పొద్దున్నే అలా ఒక్కతే వెళ్లి పాల ప్యాకెట్ తెస్తుంది. వెనకాల రోజంతా బస్సులు రొదపెడితే ఆవిడ వీధి ఆవిడకు లేకుండా పోతుంది.

అందుకని మొదటిసారి కొలతకు వచ్చిన రోజున నా తెలివంతా చూపించాను. ఇప్పటికే మేమెంత మోత భరిస్తున్నామో తెలిస్తే జాలిపడతారని ఇంటింటికీ వెళ్లి చెప్పాను. మీటరు పెట్టిన మూడుకాళ్ల స్టాండు మా గేటు దగ్గర నిలబడగానే రేడియోలు మోగాయి, మిక్సీలు తిరిగాయి, కదలని స్కూటర్లు హారన్లు కొట్టాయి. ఎదురింటాయన ఖాళీ డ్రమ్ము పదిసార్లు దొర్లించాడు. అక్క చెవుల్లో దూది పెట్టుకుని లోపల కూర్చుంది. నేను మీసం దువ్వుకుంటూ తిరిగాను.

నెల తర్వాత రిపోర్టు వచ్చింది. ఇప్పుడున్న చప్పుడు అరవై ఎనిమిది. డిపో వచ్చాక డెబ్బై. పెరుగుదల రెండు. ప్రభావం స్వల్పం, గోడ అవసరం లేదు. పక్షుల పేజీలో పిచ్చుకలు పదకొండని లెక్క ఉంది. మా అక్క ఏ పేజీలోనూ లేదు.

ఆ కాగితాలు పట్టుకుని మీటరమ్మాయి ఆఫీసుకు పరుగెత్తాను. ఇప్పుడెంత ఎక్కువ మోత ఉంటే రేపు డిపో తెచ్చే తేడా అంత తక్కువగా కనిపిస్తుందట. తేడా ఐదు దాటితేనే గోడట. నాకు తలా తోకా తెలియలేదు.

"అంటే అమ్మా, బాధపడుతున్నామంటే బాధ లేనట్టు, హాయిగా ఉన్నామంటే బాధ ఉన్నట్టా?"

"కాగితం మీద అంతే మాస్టారూ."

గోడను నా చేతులారా నేనే కూల్చానన్నమాట. ఆ రోజు మోత మా పనేనని రాసి సంతకం పెడితే మళ్లీ కొలుస్తానంది. పిల్లలచేత ఎన్నో క్షమాపణ ఉత్తరాలు రాయించాను గానీ నేను రాయడం అదే మొదలు.

రెండోసారి కొలత ఉందనగా ముందురోజే మళ్లీ ఇంటింటికీ వెళ్లి, కిక్కురుమనొద్దని చెప్పాను. నా ముప్పై ఏళ్ల బడిలో కూడా అంత క్రమశిక్షణ చూడలేదు. మర్నాడు పొద్దున దర్జీ చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు, పిండిమర మూసేశారు, తాళాలవాడు ఆకురాయి పక్కన పెట్టాడు. అందరికీ చెప్పాను. అక్కకు మాత్రం చెప్పలేదు. ఆవిడ ఏం చప్పుడు చేస్తుంది గనక అనుకున్నాను. మీటరు నలభై ఒకటి చూపిస్తోంది. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

అప్పుడు, చప్పుళ్లు ఆగకముందే పాలకు వెళ్లిన అక్క ప్యాకెట్‌తో సందులోకి వచ్చింది. వచ్చి ఆగిపోయింది. చెవి ఒకపక్కకు వంచి, గోడ తడుముకుంటూ మెల్లగా కదిలింది. దర్జీ నావైపు చూశాడు. నేను పెదవుల మీద వేలు పెట్టాను. అక్క మూసి ఉన్న పిండిమర దాటి, తాళాలవాణ్ని దాటి, మా గేటు ముందు నాకు బారెడు దూరంలో ఆగింది. గడియ తడుముతుందనుకున్నాను. తడమలేదు. ముందుకు సాగింది.

మా గేటు తర్వాత నాలుగిళ్లు, ఆ తర్వాత మట్టి పరీక్షకు తవ్విన నిలువెత్తు గొయ్యి. నేను ఆవిణ్ని చూశాను. ఆ తర్వాత మీటరు చూశాను. ఇంకా నలభై ఒకటే ఉంది. ఇంకొక్క నిమిషం, తనే వెనక్కి తిరుగుతుంది అనుకున్నాను. అలా ఎలా అనుకున్నానో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

"అక్కా, ఆగు!"

గోతికి రెండడుగుల దూరంలో ఆగింది. పరుగెత్తి చెయ్యి పట్టుకున్నాను. వెనక దర్జీ ఎవరూ చెప్పకుండానే మిషను తొక్కడం మొదలుపెట్టాడు. పిండిమర తలుపు తెరుచుకుంది. ఆకురాయి గరగరలాడింది.

మీటరమ్మాయి స్టాండు దగ్గర నిలబడి మీటరు కేసి చూసింది. "యాభై ఐదు. ఇది చాలు మాస్టారూ, గోడకు సరిపోతుంది. మామూలుగా ఉండుంటే మొదటిసారే సరిపోయేది."

అక్కను మా గేటు దాకా నడిపించుకొచ్చాను. అక్క గేటు గడియ తడిమి చూసుకుని, అక్కడే నిలబడిపోయింది.

"ఇందాక ఇక్కడ ఎవరిదో ఊపిరి వినబడిందిరా" అంది. "నువ్వే అనుకున్నాను. నువ్వైతే పిలుస్తావు కదా అని ముందుకెళ్లాను."