ఎవరికి సంబంధిస్తే వారికి

మా అమ్మాయికి నెలలు నిండాయి. మేముండేది ఐదో అంతస్తు. లిఫ్టు చెడిపోయింది. ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో ఆ ఇంట్లో నాకొక్కదానికే పట్టింది. మెట్ల మలుపులో నొప్పులొచ్చి పిల్ల కూలబడిపోయినట్టు కళ్ళకు కడుతుంటే ముద్ద దిగేది కాదు.

“కింద అపార్ట్‌మెంటు ఆఫీసులో అడిగొస్తానే” అన్నాను.

“నోటిమాటకి విలువుండదమ్మా. రాసివ్వాలి.”

అది లాయరు గారి దగ్గర ఇంగ్లీషు ఉత్తరాలు టైపు చేసే మనిషి. ఒళ్ళో ల్యాప్‌టాప్ పట్టే చోటు లేక బల్ల మీద పెట్టుకుని మొదలుపెట్టింది: టు హూమ్ ఇట్ మే కన్సర్న్.

“అంటే?”

“ఎవరికి సంబంధిస్తే వారికి అని.”

“నడివీధిలో నిలబడి ‘ఓయ్, ఎవరో ఒకరు’ అన్నట్టుంది. ఎవడు వెనక్కి చూస్తాడే?”

“పేరు తెలియనప్పుడు అలాగే రాస్తారమ్మా.”

అల్లుడు కళ్ళజోడు సర్దుకున్నాడు. “అది సర్టిఫికెట్ల మీద మాట. ఎవరి చేతికి వెళ్తుందో తెలియని కాగితానికి. ఫిర్యాదుకి పేరు కనుక్కుని రాయాలి.”

“అయితే ఐదంతస్తులు దిగి మీరే కనుక్కుని రండి.”

“ఇప్పుడా? పోనీ, డియర్ సర్ అను.”

“అక్కడున్నది మేడమ్ అయితే?”

పురుడు ముంచుకొస్తుంటే మొగుడూ పెళ్ళాం మొదటి వాక్యం దగ్గరే తగువాడుకున్నారు. నేను వంటగదిలోకి పోయి గిన్నెలు కాస్త గట్టిగానే తోమాను. చివరికి అమ్మాయి మాటే నెగ్గింది. అల్లుడు పనికి వెళ్తూ ఆఫీసులో ఇచ్చి వెళ్ళాడు.

వారం గడిచినా లిఫ్టు కదల్లేదు. మర్నాడే డాక్టరు రమ్మన్న రోజు. ఇక లాభం లేదనుకుని, మెట్ల కడ్డీ పట్టుకుని కిందికి దిగాను.

ఆఫీసు గోడకున్న నోటీసు బోర్డు మీద, పోయిన తాళంచెవి ప్రకటనకీ సంగీతం క్లాసుల కాగితానికీ మధ్య, మా ఉత్తరం!

“ఇదేంటమ్మా, ఇక్కడ పెట్టారు?” అన్నాను బల్ల దగ్గరున్న అమ్మాయితో.

“పేరున్నవి వాళ్ళ బల్ల మీద పెడతామండీ. పేరు లేనివి బోర్డుకి. అందరూ చూస్తారని.”

“చూశారా?”

“ఓ, చూశారు” అన్నాడు పక్కనే టీ తాగుతున్న పెద్దమనిషి. “ఇంగ్లీషు చాలా బాగుంది. రోజూ చదువుతున్నాను.”

“లిఫ్టు బాగుచేయించేది ఎవరు బాబూ?”

“నేనే.”

నా ఒళ్ళు మండిపోయింది. “మరి చదివి ఊరుకున్నారా?”

“ఎవరికో అనుకున్నానండీ.”

పేరు అడిగాను. చెప్పాడు. కాగితం పీకి, పై వాక్యం అడ్డంగా కొట్టేసి, నా వంకర అక్షరాలతో ఆయన పేరు రాసి చేతిలో పెట్టాను. “మా పిల్ల నిండు చూలాలు. రేపు ఆస్పత్రికి వెళ్ళాలి. ఇప్పుడు మీకే.”

ఆయన కాగితం కేసి చూశాడు. టీ కప్పు కింద పెట్టాడు. ఫోను తీశాడు. సాయంత్రానికి మెకానిక్ వచ్చాడు.

మర్నాడు లిఫ్టులో అమ్మాయి మొహం ముడుచుకునే ఉంది. “అంత శుభ్రంగా టైపు చేసిన కాగితం మీద కొట్టివేతలా అమ్మా! ఆయనేమనుకుంటాడు?”

“పేరు రాయమని నేను ముందే అన్నాను” అన్నాడు అల్లుడు.

“డియర్ సర్ అన్నది ఎవరో?”

“కింద దిగాక కొట్టుకోండి” అన్నాను. ఒక చెయ్యి దాని నడుముకి, ఒక చెయ్యి తలుపుకి ఆనించి, తలుపులు మళ్ళీ తెరుచుకునేదాకా ఊపిరి బిగబట్టుకునే ఉన్నాను.