శ్రీరమ్య ఒక్కపొద్దులు

నల్లపాడులో జానీబీ మేడ మీద మిరపకాయలు ఎండబోస్తే, ఆ ఘాటుకి పైన పోయే విమానం తుమ్మి, దారి తప్పి చీమకుర్తి క్వారీలో దిగేది. నమ్మండి.

అంతకంటే ఘాటుగా ఆవిడ కూతురు సిద్దికా కడుపు మండేది. కారణం శ్రీరమ్య. యూనివర్సిటీలో పక్క బెంచీ పిల్ల, ఉండేది హాస్టల్లో. రంజాన్ నెల రాగానే "నేనూ నీతో ఒక్కపొద్దుంటానే" అంటూ సాయంత్రాలు వీళ్ళింటికి రావడం మొదలుపెట్టింది.

జానీబీ మురిసిపోయింది. "చూడవే! వాళ్ళింట్లో లేని అలవాటు, అయినా ఎంత నిష్ఠ! అందరికీ వడ్డించిగానీ కూర్చోదు. నువ్వేమో అజాన్ కాకముందే పకోడీల పక్కన చేరతావు."

"అయితే దాన్నే కూతురుగా పెట్టుకో!"

"పెట్టుకుంటా. నడుం చూడు, ఎంత నాజూగ్గా అయిందో!"

పండగ వెళ్ళిపోయింది. శ్రీరమ్య ఒక్కపొద్దులు మాత్రం ఆగలేదు. సోమవారం శివుడికి, శనివారం వెంకన్నకి, మిగతా రోజుల్లో కడుపు బాగోలేదని. హాస్టలంతా భక్తురాలంది.

ఓ మధ్యాహ్నం రిహానా మేడమ్ తిండికి సంబంధించిన మానసిక జబ్బుల మీద క్లాసు చెప్పింది. "పక్కవాళ్ళకి కొసరి కొసరి వడ్డించి తాము తినరు. పూటకో సాకు చెబుతారు. ఎండలోనూ చలంటారు. అలాంటివాళ్ళని సన్నబడ్డావని మెచ్చుకోకండి, నోట్లో ముద్దలు కుక్కకండి. పక్కన కూర్చుని, నీ గురించి భయంగా ఉందని చెప్పండి. డాక్టరు దగ్గరికి తోడెళ్ళండి."

సిద్దికా పక్కకి చూసింది. శ్రీరమ్య స్వెట్టర్లో ముడుచుకుని ఉంది. విమానం సంగతి వదిలేయండి, జానీబీ మేడ మీద కాకి కూడా తుమ్మలేదు. గుంటూరు ఎండ మాత్రం అబద్ధం కాదు.

సిద్దికాకి ముందొచ్చింది జాలి కాదు. 'జబ్బు కూడా దీనికేనా! తెలిస్తే అమ్మ ఒళ్ళో పడుకోబెట్టుకుంటుంది. నాకెందుకు చెప్పడం?'

క్లాసు అయ్యాక మెట్లు దిగుతూ శ్రీరమ్య కళ్ళు తిరిగి కూలబడింది. సిద్దికా కాసేపు నిలబడి, చివరికి పక్కనే కూర్చుంది.

"నిన్ను చూస్తే నాకు ఒళ్ళు మండుతుందే."

"తెలుసు."

"భయం కూడా వేస్తోంది. ఇప్పుడదే ఎక్కువగా ఉంది."

శ్రీరమ్య స్వెట్టరు చేతులు వేళ్ళదాకా లాక్కుంది. "తింటే మీ అమ్మ మళ్ళీ అలా మెచ్చుకోదేమోనని..."

"మా అమ్మ నన్ను పుట్టినప్పట్నుంచీ తిడుతూనే ఉంది. బతికే ఉన్నాగా! లే, బ్రాడీపేటలో డాక్టరమ్మ ఉంది. నేనూ వస్తా."

డాక్టరమ్మ శ్రీరమ్యతో తలుపేసుకుని మాట్లాడుతుంటే బయట సిద్దికా మళ్ళీ కుళ్ళుకుంది. 'నాతో ఇంతసేపు ఎవరు మాట్లాడారు?' అయినా కదల్లేదు. బయటికొచ్చాక శ్రీరమ్య రోడ్డు పక్క బండి దగ్గర గ్లాసుడు మజ్జిగ గటగటా తాగేసింది.

గటగటా అన్నది నా కల్పన. రెండు గుక్కలు తాగి గ్లాసు ఇచ్చేసింది, మిగతాది సిద్దికా తాగింది. పై వారం కూడా ఇద్దరూ ఒకే ఆటోలో డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. అందులో మాత్రం నేనేమీ కలపలేదు.