తొట్టిలో దాక్కున్న మనిషి

ఆ ఆదివారం ఆరాధన అయిపోయాక చర్చి బేస్‌మెంట్‌లో అందరూ పేపర్ ప్లేట్లలో బిర్యానీ పెట్టించుకుంటున్నారు. లాయర్ మిసెస్ టర్నర్ దెబోరాను మెట్ల దగ్గరికి పిలిచి ఒక కాగితం చదివి వినిపించింది. అది దెబోరా భర్త ప్రేమానందం మూడేళ్ళ క్రితం ఇమ్మిగ్రేషన్ వాళ్ళకి ఇచ్చిన వాంగ్మూలం. తనని చర్చిలో దాచినందుకు సంఘంలోనే ఉన్న ఆమోసు తన దగ్గర డబ్బు తీసుకున్నాడని ప్రేమానందం సంతకం పెట్టి మరీ చెప్పాడు.

"ఇది నిజమేనా?" అని మిసెస్ టర్నర్ అడిగింది.

దెబోరా తలతిప్పి చూసింది. గదికి ఆ చివర ప్రేమానందం పిల్లలకి పెరుగు వడ్డిస్తూ నవ్వుతున్నాడు. ఇప్పుడతను సంఘానికి సెక్రటరీ. ప్రతి ఏడూ కృతజ్ఞత పండుగ రోజున లేచి నిలబడి, "ప్రభువు నన్ను బంధకాల్లోంచి విడిపించాడు" అని సాక్ష్యం చెబుతాడు. అందరూ ఆమెన్ అంటారు. దెబోరా కూడా అంటూ వచ్చింది.

మూడేళ్ళ క్రితం అతను దొంగచాటుగా కార్పెట్ మిల్లులో పని చేస్తుండేవాడు. స్టూడెంట్ వీసా అప్పటికే అయిపోయింది. మిల్లు మీద ఇమ్మిగ్రేషన్ వాళ్ళు పడ్డ రోజున వెనక గేటు దూకి నేరుగా చర్చికి పరిగెత్తాడు. అది అమెరికన్ బాప్టిస్టుల చర్చి. తెలుగువాళ్ళకి ఆదివారం మధ్యాహ్నాలు అద్దెకిచ్చేవారు. తాళంచెవి ఆమోసు దగ్గర ఉండేది. ఆమోసు అదే మిల్లులో రంగుల ల్యాబ్‌లో పెద్ద ఉద్యోగి, ఎప్పుడో సిటిజెన్ అయినవాడు. కాళ్ళమీద పడ్డ కుర్రాణ్ణి లేపి, నీళ్ళు లేని బాప్తిస్మపు తొట్టిలో కూర్చోబెట్టి, పైన చెక్క మూత వేశాడు. దెబోరాకి ఫోన్ చేశాడు. అప్పటికి ఆమెకీ ప్రేమానందానికీ పెళ్ళి నిశ్చయమైంది, నెలరోజుల్లో పెళ్ళి. హాస్పిటల్లో డ్యూటీ దిగి, ఆకలితో ఉంటాడని అన్నం, ఎండు మెత్తళ్ళ కూర క్యారేజీలో పెట్టుకుని వచ్చింది.

అతను తింటుండగానే ఆఫీసర్లు వచ్చారు. మూత మళ్ళీ వేసేసి, "ఇక్కడెవరూ లేరు" అన్నాడు ఆమోసు. కానీ ఎండుచేపల వాసన ఉన్నాడని చెప్పేసింది. ఒక ఆఫీసరు ముక్కు మూసుకుని ఆ వాసన వెంటే నడిచి వెళ్ళి మూత ఎత్తాడు.

ప్రేమానందాన్ని కొద్దిరోజుల్లోనే వదిలేశారు. పెళ్ళి జరిగింది. దెబోరా సిటిజెన్ కాగానే అతనికి గ్రీన్‌కార్డ్ వచ్చింది. ఆమోసు మీద మాత్రం గవర్నమెంటుతో అబద్ధమాడాడని కేసు పెట్టారు. నేరం ఒప్పుకున్నాడు. జైలు తప్పింది గానీ అయిదేళ్ళ ప్రొబేషన్ పడింది, బయటే ఉన్నా శిక్ష కిందే లెక్క. కౌంటీ వాళ్ళు ఓటర్ల జాబితాలోంచి పేరు కొట్టేశారు. దాని మీదే ఇప్పుడు మిసెస్ టర్నర్ కోర్టుకి వెళ్ళింది. ఆమోసుతో పాటు ఇంకో నలుగురి తరఫున. ఆ నలుగురూ ఆమెలాగే నల్లజాతి వాళ్ళు.

"నీతిమాలిన నేరం చేసినవాడు శిక్ష పూర్తయ్యేదాకా ఓటు వేయకూడదని జార్జియా చట్టం. ఏది నీతిమాలిందో చట్టం చెప్పదు. కుర్చీలో ఉన్నవాడికి ఎలా తోస్తే అలా. మా తాతల ఓట్లు ఇలాంటి మాటల కిందే పోయాయి" అంది మిసెస్ టర్నర్. "డబ్బు కోసం దాచాడు కాబట్టి ఆమోసుది నీతిమాలిన పనేనని కౌంటీ అంటోంది. ఆ కాగితమే వాళ్ళకి ఆధారం. నువ్వక్కడ ఉన్నావు. కోర్టుకొచ్చి చెబుతావా?"

దెబోరా ప్లేటు చెత్తబుట్టలో పడేసింది. బిర్యానీ ముట్టనేలేదు.

కార్‌లో కూర్చోగానే అడిగింది. "డబ్బిచ్చావా?"

ప్రేమానందం ఉలిక్కిపడ్డాడు. పెళ్ళయినప్పటి నుంచి ఆమె అతన్ని 'మీరు' అనే పిలిచింది. "ఏంటే, నువ్వంటున్నావ్?"

"ఆమోసన్నయ్యకి డబ్బిచ్చావా, లేదా?"

"ఆ నల్లావిడ నీకూ ఎక్కించిందన్నమాట. చూడు, వాళ్ళు డిపోర్ట్ చేస్తామన్నారు. ఎవరికి డబ్బిచ్చావో చెప్తే వదిలేస్తామన్నారు. నా ప్లేస్‌లో నువ్వుంటే ఏం చేసేదానివి?"

"ఇచ్చావా?"

"లేదు! సరేనా? పైసా ఇవ్వలేదు. ఇప్పుడేంటి? నెక్స్ట్ ఇయర్ సిటిజెన్‌షిప్‌కి అప్లై చేయాలి. అప్పుడు అబద్ధం చెప్పానని తెలిస్తే ప్లేనెక్కిస్తారు. ఆయనదేముంది, ప్రొబేషన్ అయిపోతే ఓటు అదే వస్తుంది. ఓటేమన్నా అన్నం పెడుతుందా? ఆగలేడా?"

"అయితే నువ్వూ ఆగు. నీ సిటిజెన్‌షిప్ మాత్రం అన్నం పెడుతోందా?"

అతను రేడియో పెట్టాడు. ఆమె కట్టేసింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టినవాడు పక్కన కూర్చుని, నిమ్మకు నీరెత్తినట్టు సిగ్నల్ దగ్గర వేళ్ళతో స్టీరింగ్ మీద తాళం వేస్తున్నాడు. ఆ వేళ్ళతోనే ప్రతి నెలా మొదటి ఆదివారం, రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల దగ్గర చిన్న గ్లాసుల ట్రే పట్టుకుని వరసలో నడుస్తాడు. ఆమోసు ముందుకు వచ్చేసరికి ట్రేని పక్కకి జరుపుతాడు. శిక్ష పూర్తయ్యేదాకా ఆమోసుకి బల్లలో పాలు పంచుకునే హక్కు లేదని పాస్టర్ ఏసుపాదం ఎప్పుడో చెప్పేశాడు. ఇన్నాళ్ళూ అది చూసి దెబోరా తలదించుకుంది. ఇప్పుడు తల్చుకుంటే దవడలు నొప్పెట్టేంతగా పళ్ళు బిగుసుకున్నాయి.

మర్నాడు ఆమోసు ఇంటికి వెళ్ళింది. అతని భార్య రూతు తలుపు తీసి, ముఖం చూసి, ఏమీ అడగకుండా టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

"ఆ కాగితం సంగతి మీకు ముందే తెలుసా, అన్నయ్యా?"

"తెలుసమ్మా. అప్పుడే చదివి వినిపించారు."

"మరి కాదనలేదే?"

"కాదంటే వాడి మాట అబద్ధమయ్యేది. వాణ్ణి పంపించేసేవాళ్ళు. పెళ్ళి కార్డులు వేయించేశాం కదా, చెల్లెమ్మా."

"మీ మంచితనానికో దణ్ణం!" ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "నన్నడిగారా? నా పెళ్ళి కోసమని నాకు చెప్పకుండా మీ పరువు తీసుకెళ్ళి వాళ్ళ చేతుల్లో పెట్టారు. మూడేళ్ళు ఆయన సాక్ష్యానికి ఆమెన్ అన్నాను నేను!"

"చెప్పు, బాగా చెప్పు. నేను చెప్పీ చెప్పీ అలిసిపోయాను" అంది రూతు వంటింట్లోంచి.

రూతు తెచ్చిన టీ ఆమోసు అందుకున్నాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. "పరువంటే పోనిమ్మనుకున్నాను. ఓటు పోతుందని అప్పుడు తెలీదు. బాపట్ల దగ్గర మా పేటలో, మా నాయన తెల్లచొక్కా తొడుక్కుని మొదటిసారి ఓటేయడానికి వెళ్ళాడు. బయట అరుగు మీద కూర్చున్న కామందు, 'నీ ఓటు పడిపోయిందిరా, ఇంటికి పో' అన్నాడు. పేట పేటంతా వెనక్కి వచ్చేసింది. నాయన చొక్కా విప్పి దండెం మీద వేసి, పొలం వెళ్ళిపోయాడు. ఆ చొక్కా నాకింకా కనిపిస్తుంది. కౌంటీ ఆఫీసులో ఆ గుమాస్తా, 'నీ పేరు తీసేశాం, వెళ్ళిపో' అన్నప్పుడు ఇంగ్లీషు అనిపించలేదమ్మా నాకు. ఆ కామందు మాటే వినిపించింది." టీ కప్పు పక్కన పెట్టాడు. "నిన్ను చెప్పమనీ అడగను, చెప్పొద్దనీ అనను. నీ కాపురం నీది."

దెబోరా కోర్టుకు వెళ్ళింది. ప్రేమానందం రాలేదు.

కౌంటీ తరఫు లాయరు సన్నగా, మర్యాదగా మాట్లాడాడు. "దాక్కున్న మనిషికి మీరు భోజనం తెచ్చారు. చట్టాన్ని మీరూ ఉల్లంఘించారన్నమాట?"

"ఆకలిగా ఉన్నాడని అన్నం తెచ్చాను. ఎండుచేపల కూరతో. దాన్నేమంటారో మీరే చెప్పండి."

వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. మిగతా నలుగురిలో ముసలాయన ఒకడు "యెస్, సిస్టర్" అన్నాడు.

"డబ్బు చేతులు మారలేదని మీకెలా తెలుసు?"

"అన్నం పెట్టడానికి మూత తీసింది మొదలు మీవాళ్ళు వచ్చేదాకా అక్కడే ఉన్నాను. తర్వాత ఆయనే నాతో ఒప్పుకున్నాడు."

"అయితే మీ భర్త గవర్నమెంటుతో అబద్ధమాడారా?"

"ఆడాడు. ఇద్దరూ ఆడారు. ఒకరు ఇంకో మనిషి కోసం. ఒకరు తన కోసం. తన కోసం ఆడినవాణ్ణి మీరు ఇంటికి పంపించారు."

ఇంటికి వచ్చేసరికి ప్రేమానందం పరుపు పక్క గదిలోకి మార్చుకున్నాడు. "నీ చేతులతో నా గొయ్యి తవ్వావు" అన్నాడు. ఆ తర్వాతి ఆదివారం చర్చిలో ఆడవాళ్ళు పలకరించలేదు. మొగుణ్ణి రోడ్డుకీడ్చిందని ఒకావిడ వినబడేలాగే అంది. "తొట్టిలోంచి ఈడ్చింది ఇమ్మిగ్రేషన్ వాళ్ళు, ఆంటీ. నేను కాదు" అంది దెబోరా.

ఎన్నికలకి ముందే తీర్పు వచ్చింది. డబ్బు తీసుకోలేదన్న మాట నమ్మానని జడ్జి రాశాడు. అయినా ఎందుకాడినా అబద్ధం అబద్ధమేననీ, అది నీతిమాలిన నేరమేననీ, ఆ మాటకి అర్థం తేల్చే పని రాష్ట్రానిదేననీ కొట్టేశాడు. అప్పీలు చేస్తానంది మిసెస్ టర్నర్. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అది ఏడుపు వల్ల కాదు.

ఎన్నికల రోజున ప్రేమానందం కార్ తీసుకుని పొద్దున్నే వెళ్ళిపోయాడు. ఆమోసు వచ్చి దెబోరాను ఫైర్ స్టేషన్‌కి తీసుకెళ్ళాడు. పోలింగ్ అక్కడే. ఆమెకిదే మొదటి ఓటు. కార్ ఆగాక ఆమె దిగలేదు.

"అన్నయ్యా, ఎవరికి వేయాలో మీరు చెప్పండి. ఈ ఓటు మీది. మీ బదులు నేను వేస్తాను."

ఆమోసు ముఖం అంత ఎర్రబడటం ఆమె ఎన్నడూ చూడలేదు. తొట్టి మూత లేచిన రోజున కూడా.

"మా నాయన ఓటు కూడా ఎవడో ఆయన బదులే వేశాడు! నువ్వూ అదే పని చేస్తావా?" స్టీరింగ్ మీద అరచేత్తో కొట్టాడు. "నాకు నీ ఓటొద్దు. నాది నాకు కావాలి. ఇచ్చేదాకా అడుగుతూనే ఉంటాను. దిగు. నీది నువ్వు వేసుకో."

ఆమె దిగింది. సారీ చెప్పాలనిపించింది గానీ, అతను అప్పటికే అటు తిరిగిపోయాడు.

లోపల తెర వెనక నిలబడి పేర్లన్నీ చదవడం మొదలుపెట్టింది. గవర్నరు దగ్గర్నుంచి ఎవరికీ పట్టని చిన్న పదవుల దాకా. చిన్నప్పుడు ఊరి స్కూల్లో అక్షరాలు కూడబలుక్కున్నట్టే, ఒక్కొక్కటీ పెదవులు కదుపుతూ చదివింది. కిటికీలోంచి రోడ్డవతల ఆమోసు కనిపించాడు. కార్‌కి ఆనుకుని, చేతులు కట్టుకుని, తెల్లచొక్కాలో.

వెనక వరసలో ఎవరో దగ్గి, ఇంకెంతసేపని విసుక్కున్నారు.

"ఆగండి" అంది దెబోరా ఇంగ్లీషులో, గదంతా వినబడేలా.