ఈ బిడ్డ ఎవరిది?

నైటీ మీద తువ్వాలు కప్పుకుంటే ఆడమనిషి నలుగురిలోకి పోవచ్చునని మన కోస్తాలో ఎవరు తీర్మానించారో గానీ, గంగాభవాని ఆ వేషంలోనే రొయ్యల గుంటల గట్టు మీద పరుగెత్తుతోంది. చంకలో నాలుగేళ్ళ కూతురు తేజస్విని. పిల్ల ఒంటిమీద గులాబీ రంగు గౌను, అంచులకు తళతళలాడే పూసలు, వీపున పెద్ద రిబ్బను ముడి. ఆ పిల్లను ఇప్పుడే ఎర్రతేలు కుట్టింది.

ఆదివారం. తేజు ఇందుకూరుపేటలో ఇంగ్లీషు బడికి పోతుంది. బడిలో తోటిపిల్ల పుట్టినరోజుకు పిలిచారు. చేపలోళ్ళ బిడ్డ అని ఎవరూ వేలెత్తి చూపకూడదని గంగాభవాని నెల్లూరు పోయి, అద్దాల తలుపుల అంగట్లో ఆ గౌను కొనుక్కొచ్చింది. పిల్లకు తలంటి, మొహాన తెల్లగా పౌడరు అద్ది, వాకిట్లో నిలబెట్టి, "ఆడే ఉండు, మాపుకోబాక. నేను ఎండుచేపలు ఎత్తిపెట్టి, నీళ్ళు పోసుకోని వస్తా" అంది. పక్కనున్న వలల కుప్పలోంచి తేలు వచ్చింది.

మొగుడు పోలేరయ్య సముద్రం మీద ఉన్నాడు. ఊళ్ళో ఆటోలన్నీ చేపల గంపలేసుకుని మార్కెట్టుకు పోయాయి. ఎర్రతేలు కుడితే పసిబిడ్డల గుండె తట్టుకోదని ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. పోయినేడు ఎదురింటి పిల్లవాడు అట్లాగే దక్కకుండా పోయాడు. నాటువైద్యం అంటూ వాళ్ళు ఆలస్యం చేశారు. తను చేయదు. నెల్లూరు ఆస్పత్రికి పోవాలి, అంతే. ఫోను కూడా తీసుకోకుండా అడ్డదారిన రోడ్డు మీద పడింది.

సెంటర్లో ఆగి వచ్చేపోయే బండ్లకు చెయ్యెత్తింది. పొలుసులంటిన నైటీని చూసినవాళ్ళు పిల్లను చూసేలోపే గేరు మార్చారు. తేజు రెండుసార్లు కక్కింది. ఒళ్ళు చెమటతో తడిసి చల్లబడుతోంది. గంగాభవాని టిఫిను హోటలు ముందు కూర్చున్న మగవాళ్ళ దగ్గరికి పరుగెత్తింది.

"అన్నా, బిడ్డకి తేలు కుట్టింది. ఆటో పిలవండన్నా, మీకు పుణ్యముంటాది!"

ఇస్త్రీ చొక్కా వేసుకున్న జయరామయ్య లేచి నిలబడ్డాడు. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకెందుకని ఊరుకునేవాడు, పిల్ల బతుక్కి అదే మేలయ్యేది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని ఆ వారమంతా ఫోన్లో వీడియోలు చూసి, పదిమందికీ పంపి, జాగ్రత్తగా ఉన్న మనిషి.

"ఎవురి బిడ్డ ఇది?"

"నా బిడ్డే సామీ."

ఆయన గౌను చూశాడు. నైటీ చూశాడు. మళ్ళీ గౌను చూశాడు. "పేరేంది?"

"తేజస్విని."

"ఓయబ్బో, చేపలామె కూతురు తేజస్వినా!" అని బెంచీ మీద నుంచి ఎవరో నవ్వారు.

"నోట్లో చొంగ చూడన్నా. మత్తుమందేదో పెట్టినట్టుండాది" అన్నాడు ఇంకొకడు.

ఆ మాటతో జయరామయ్య పిల్లను లాక్కున్నాడు. ఇద్దరు మగవాళ్ళు గంగాభవానికి అడ్డం నిలిచారు. "మీ అమ్మ ఎవురు తల్లీ?" అని ఆయన పిల్లను ముద్దుగానే అడిగాడు. తేజు కళ్ళు పైకి తేలిపోతున్నాయి. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. చూసేవాళ్ళకు అంతకంటే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

"పోలీసులకి ఫోన్ చేసినాం. వాళ్ళొచ్చి ఆస్పత్రికి తీసుకుపోతారు. అందాకా ఆడ కూర్చోమ్మే" అన్నాడు జయరామయ్య.

"అందాకా ఉండదు సామీ! నన్ను కట్టెయ్యండి, కొట్టండి, జైల్లో ఎయ్యండి. బిడ్డని మాత్రం ఆస్పత్రికి ఎత్తుకపోండి!"

ఆటో నడిపే క్రీస్తురాజు అక్కడే ఉన్నాడు. "నాకూ జాలిగానే ఉండాదక్కా. దారిలో ఏమన్నా అయితే నా బండిని స్టేషన్లో పెట్టేస్తారు. నేనేం చెయ్యను?" అన్నాడు.

గంగాభవాని కాళ్ళు పట్టుకుంది. పోలేరమ్మను పిలిచింది. తేజు గొంతులో గురగుర మొదలైంది. ఆ చప్పుడు విన్నాక ఆమెకు ఏడుపు కూడా రాలేదు. చుట్టూ ఉన్న మొహాలను ఒక్కొక్కటిగా చూసింది. వాళ్ళెవరూ పిల్ల మొహం చూడటం లేదు. పూసలు చూస్తున్నారు, రిబ్బను చూస్తున్నారు, ఆ పైన తన నైటీ చూస్తున్నారు.

అడ్డమున్నవాళ్ళను నెట్టి, పిల్లను పట్టుకున్న జయరామయ్య మీద పడింది. వీపున గౌనును రెండు చేతులా పట్టి చర్రున చించింది. పూసలు తారురోడ్డు మీద చెల్లాచెదురయ్యాయి. గౌనును తలమీదుగా లాగి అవతల పారేసింది. భుజాల మీది తువ్వాలు తీసి, పిల్ల మొహాన పౌడరంతా తుడిచేసింది.

నల్లటి ఒళ్ళు, నడుముకు నల్లతాడు, వెలిసిపోయిన డ్రాయరు.

ముందుగా క్రీస్తురాజే నోరు తెరిచాడు. "ఈమె బిడ్డే సామీ. చూస్తే తెలవడంలా?"

"ఆ మాట ముందే చెప్పొచ్చు గదమ్మా!" అంటూ జయరామయ్య తానే పిల్లను ఆటోలోకి అందించాడు. ఇంతసేపూ ఆమె చెప్పింది ఇంకేమిటో ఆయనకే తెలియాలి.

ఆటో హారను మోగిస్తూ నెల్లూరు వైపు పోయింది. గాలికి పిల్ల ఒళ్ళు మరీ చల్లబడుతుంటే గంగాభవాని గుండెకు అదుముకుంది. తువ్వాలు సెంటర్లోనే పడిపోయిందని ఆమెకు గుర్తు కూడా లేదు. "తేజూ, నిద్రపోబాక. అమ్మను చూడు. అమ్మను చూడు బంగారూ." తేజు ఒకసారి కళ్ళు తెరిచింది, మళ్ళీ మూసింది.

ఆస్పత్రిలో నర్సు పరుగున ఎదురొచ్చి, బల్ల చూపించి, తల్లినీ బిడ్డనూ ఎగాదిగా చూసింది. ఆమె మొహం చిట్లించింది.

"బిడ్డ ఒంటిమీద గుడ్డపేలికన్నా లేకుండా తెచ్చినావే! మీలాంటోళ్ళకి బిడ్డలెందుకో! అసలు తల్లివేనా నువ్వు?"

గంగాభవాని పిల్లను బల్లమీద పడుకోబెట్టి, ఆమెకు రెండు చేతులూ జోడించింది.

"కాదంటే కాదులేమ్మా. ముందు ఆ బిడ్డకి సూదెయ్యి."