రిరిడ్ గారి కూతురు

2000లో నాగమల్లేశ్వరి సింగపూర్ సైన్స్ పార్క్‌లో ఒక చిన్న కంపెనీలో ప్రోగ్రామర్. వేల్స్ నుంచి ఒక పెద్దాయన తన వంశవృక్షాన్ని కంప్యూటర్లోకి ఎక్కించమని పంపాడు. మూలపురుషుడు రిరిడ్ ఆరువందల ఏళ్ల కిందటి ప్రభువు, సైనికుడు. మొదట ఇంగ్లండ్ తరఫున ఫ్రాన్సులో పోరాడాడు. తర్వాత ఇంగ్లండ్ మీదే తిరగబడి భూములు పోగొట్టుకున్నాడు. ముగ్గురు కొడుకులూ యుద్ధాల్లోనే పోయారు. వంశం కూతురి వల్ల నిలిచింది. ఆమె పేరు ఎక్కడా లేదు. రిరిడ్ గుర్రం పేరు మాత్రం ఉంది.

పేరు లేనిదే కంప్యూటర్ ఆమెను తీసుకోలేదు. ఆమె లేనిదే తర్వాతి నాలుగు వందల మందికీ చోటు లేదు.

"ఏదో ఒకటి కొట్టెయ్యండి మల్లేశ్వరి గారూ, శుక్రవారం డెలివరీ," అన్నాడు మేనేజర్ మహీధర్.

"మనిషండీ, ఉత్తుత్తి టెస్ట్ డేటా కాదు," అంది నాగమల్లేశ్వరి.

చివరికి తన అమ్మమ్మ పేరు, బాలనాగమ్మ అని కొట్టింది. కంప్యూటర్ ఒప్పుకుంది. తనకే మనసొప్పక, పెద్దాయనకు ఉన్నదున్నట్టు ఈమెయిల్ రాసింది.

వారానికి జవాబొచ్చింది. "ఆవిడ పేరేమిటని మా ఇంట్లో ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు. అసలు పేరు దొరికేదాకా ఇదే ఉండనివ్వండి. ఎలా పలకాలో చెప్పండి."

నాగమల్లేశ్వరి ఫోన్ చేసి నిదానంగా పలికి వినిపించింది. ఆయనకు నాలుగోసారికి వచ్చింది.