బర్రె దిగని చెరువు

అరుణాదేవి మేడం తాండూరులో ఒక్కసారైనా కాలు పెట్టకుండానే ఆ చుట్టుపక్కల నూట ముప్పై రెండు చెరువులు పుట్టించింది. పలుగు పట్టలేదు, పార పట్టలేదు, ఏసీ గది దాటి బయటికి రాలేదు. హైదరాబాదులో ఒక విశ్వవిద్యాలయపు జాగ్రఫీ విభాగంలో కంప్యూటరు ముందు కూర్చుని, ఇరవై ఏళ్ల కిందటి ఉపగ్రహ చిత్రమొకటి, మొన్నటి చిత్రమొకటి పక్కపక్కన పెట్టుకుని నీలం చుక్కలు లెక్కపెట్టింది. అప్పుడు నలభై ఒకటి, ఇప్పుడు నూట డెబ్బై మూడు. కాకతీయులు కూడా ఇంత వేగంగా తవ్వించి ఉండరు.

ఆ లెక్కతో రాసిన వ్యాసం విదేశీ పత్రికలో అచ్చయింది, మేడంకు శాలువా వచ్చింది. వ్యాసంలో అందరికీ నచ్చిన వాక్యం ఒకటుంది: ఈ కొత్త చెరువులు మే నెలలో కూడా ఎండవు. తెలంగాణలో మే నెలలో ఎండని చెరువు గురించి చదివి విభాగంలో అందరూ ఆనందపడ్డారు. అనుమానపడ్డ మనిషి మాత్రం ఒక్కరూ లేరు. అంత చదువు చదివాక అనుమానం ఎందుకొస్తుంది.

ఎమ్మెస్సీ రెండో ఏడు చదువుతున్న ప్రణవికీ రాలేదు. ఆమెది మర్పల్లి, తండ్రి జనార్దన్ పత్తీ కందీ వేసే రైతు. జాగ్రఫీలో పరిశోధన చేస్తానని ఆమె అన్న రోజు నుంచి చుట్టాలకు అదొక వేడుకైపోయింది. జాగ్రఫీ అంటే పటాలు కాబట్టి, పటాలంటే ప్లాట్లు కాబట్టి, వికారాబాద్ రోడ్డు మీద ఏ వెంచర్‌లో కొంటే లాభమో చెప్పమని పెళ్లిళ్లలో పక్కకు పిలిచి అడిగేవారు. నాకు తెలియదంటే, చెప్పడం ఇష్టం లేదనుకునేవారు.

ఆమెకు కావలసింది ప్లాటు కాదు, పీహెచ్‌డీలో చోటు. మేడం దగ్గర కొత్త ప్రాజెక్టు వచ్చింది, అందులో ఒకే ఒక్క పరిశోధకుల సీటు ఉంది. మేడం సిఫారసు ఉత్తరం ఎవరికి రాస్తే సీటు వారిది.

"నీకే రాస్తాను ప్రణవీ," అంది మేడం, జాబితా ఒకటి చేతికిస్తూ. "చిన్న పని. నా మ్యాప్‌లోంచి ముప్పై పాయింట్లు తీశాను. నువ్వు వెళ్లి నేల మీద సరిచూడాలి. ఫోటో తీయి, చెరువు ఉందని టిక్కు పెట్టు. అదే నీ డిసర్టేషన్. ఊరికే ఫార్మాలిటీ."

టిక్కు పెడితే పీహెచ్‌డీ. ఇంతకన్నా చవకగా కాలేజీ క్యాంటీన్‌లో చాయ్ కూడా దొరకదని ప్రణవి మురిసిపోయింది.

ఏప్రిల్‌లో వికారాబాద్‌లో రైలెక్కి తాండూరులో దిగింది. స్టేషన్ బయట మజహర్ ఆటో మాట్లాడుకుంది. యాభై ఐదేళ్ల మనిషి, సగం జీవితం నాపరాతి గనుల్లో బండలు తీసి, ఊపిరితిత్తుల నిండా దుమ్ము పోసుకుని, డాక్టరు వద్దన్నాక ఆటో పట్టాడు. జీపీఎస్ చెప్పిన చోట ఆటో ఆపి, ఆమె వంక విచిత్రంగా చూశాడు.

"ఈడ ఏం పని బిడ్డ?"

"చెరువు చూడాలె చిచ్చా. మా మ్యాప్‌ల ఒకటో నంబర్ చెరువు గిదే."

"చెరువా? గిది మా సేటు గని. పదహారేండ్లు నేనే తవ్విన."

ఆమె అంచు దగ్గరికి వెళ్లి చూసింది. నాలుగు పక్కలా గోడల్లా నిలువుగా కోసిన బండ, అరవై అడుగుల లోతు, అడుగున ఆకుపచ్చ నీళ్లు. గట్టు లేదు, తూము లేదు, అలుగు లేదు. పాలిషింగ్ ఫ్యాక్టరీల నుంచి తెచ్చి పారబోసిన రాతి బురద ఒక పక్క తెల్లగా పేరుకుని ఉంది.

"నీళ్లయితే ఉన్నయి కదా చిచ్చా," అంది, సిఫారసు ఉత్తరం గుర్తొచ్చి.

"లేవని ఎవలన్నరు? బకిట్ల గూడ నీళ్లుంటయి. గది చెరువైతదా?" మజహర్ బీడీ కోసం జేబు తడుముకుని, డాక్టరు గుర్తొచ్చి చెయ్యి తీసేశాడు. "చెరువంటే బర్రె తన కాళ్ల మీద దిగి, తాగి, జరసేపు పండి, మల్ల తన కాళ్ల మీదనే ఎక్కి రావాలె. దిగిన బర్రె ఎక్కి రాకుంటే అది చెరువు గాదు బిడ్డ, గోరీ."

అయిదు రోజులు తిరిగారు. ముప్పై పాయింట్లలో చెరువులూ కుంటలూ కలిపి నాలుగు తేలాయి, ఆ నాలుగూ ఎండిపోయి ఉన్నాయి. ఇరవై అయిదు పాడుబడ్డ గనులు. మిగిలిన ఒక్కటి ఒక పాలిషింగ్ ఫ్యాక్టరీ మీద కొత్తగా వేసిన నీలం రేకు. మేడం వ్యాసం ప్రకారం ఆ రేకు కింద భూగర్భజలాలు కూడా పెరుగుతున్నాయి.

పదిహేడో పాయింటు దగ్గర ఒక చిన్న బస్తీ ఉంది. గనుల్లో పనిచేసినవాళ్ల ఇళ్లు, ముప్పయ్యో నలభయ్యో. ప్రతి గడప ముందూ ఖాళీ బిందెలు వరసగా పెట్టి ఉన్నాయి. నాగవ్వ అనే ముసలామె అరుగు మీద కూర్చుని ఉంది. చేతిలో కాగితాలున్న అమ్మాయిని చూడగానే లేచి వచ్చింది.

"ట్యాంకర్ సంగతేనా బిడ్డ?"

"కాదు అవ్వా. నీళ్ల మీద చదువుతున్న."

"చదువు, చదువు. మాకు తాగనీకె లేవు, నీకు చదవనీకెనన్న ఉన్నయి." నాగవ్వ గని వైపు చెయ్యి చూపింది. "నిరుడు నా బర్రె దాంట్ల పడ్డది. పొద్దుమూకేదాంక ఒర్రింది. తాళ్లేసి గుంజిన్రు, రాలే."

తాగే నీళ్లకు ట్యాంకర్ కావాలని బస్తీవాళ్లు మండల ఆఫీసుకు మూడుసార్లు పోయారట. అక్కడి సారు గోడకు తగిలించిన పటం చూపించి, మీ చుట్టూ ఆరు చెరువులుండగా ట్యాంకర్ ఎందుకు, ఇంకా చెరువే లేని ఊళ్లున్నాయి అన్నాడట. వాళ్లను ఆటోలో తీసుకుపోయిన మజహర్ అప్పుడు ఫోన్‌లో తీసిన ఆ పటం ఫోటో ఉంటే చూపించాడు. ప్రణవి వేళ్లతో పెద్దది చేసి చూసింది. నీలం చుక్కలు. కింద మూలన చిన్న అక్షరాల్లో అరుణాదేవి మేడం పేరు. అదే పటం ఆ నిమిషాన ఆమె సంచిలో మడిచిపెట్టి ఉంది.

"గా పటం గీసినోళ్ల చేతులు పడిపోను," అంది నాగవ్వ. "నీకేమన్న ఎర్కనా బిడ్డ, ఎవలో?"

"ఎర్కలేదు అవ్వా," అంది ప్రణవి. అబద్ధం ఆడానని ఆమెకు వెంటనే తెలిసింది. తిరుగు రైల్లో వికారాబాద్ దాకా ఆ సిగ్గుతోనే కూర్చుంది.

మేడం ఆమె ఫోటోలన్నీ ఓపిగ్గా చూసింది. చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"ఉపగ్రహం అబద్ధం చెప్పదు ప్రణవీ."

"అది నీళ్లని మాత్రమే చెప్పింది మేడం. చెరువని మనం అన్నాం."

"ఒక పని చేద్దాం. చెరువు అనకు. జలాశయం అను. జలం ఉంది, ఆశయం ఉంది. టిక్కు పెట్టు." మేడం గొంతు మెత్తబడింది. "చూడమ్మా, ఎమ్మెస్సీ పిల్ల ప్రొఫెసర్ వ్యాసాన్ని సరిదిద్దితే దాన్ని పరిశోధన అనరు. తొందరపాటు అంటారు. ఉత్తరం వైవా కాగానే రాయాలి. ఆలోచించుకో."

ఆలోచించుకోవడానికి ప్రణవి మర్పల్లి పోయింది. తండ్రి కొట్టం దగ్గర గడ్డి కోస్తున్నాడు. పక్కన కూర్చుని సంగతంతా చెప్పింది. జనార్దన్ లోకం తెలిసిన మనిషి.

"ఏరు దాటేదాంక ఓడ మల్లన్న, దాటినంక బోడి మల్లన్న. ముందు మేడం చెప్పినట్టు టిక్కులు పెట్టి సీటు దెచ్చుకో. నువ్వు మేడమైనంక నీ ఇష్టమున్నట్టు రాసుకో, ఎవలొద్దంటరు?"

ప్రణవి తలూపింది. మేడమైన వాళ్లంతా ఇలాగే అనుకుని మొదలుపెట్టి ఉంటారని కూడా అనిపించింది.

జనార్దన్ కాసేపు గడ్డి కోసి, ఆగి అడిగాడు. "ఇంతకు ఆ ముసలమ్మ బర్రె ఎన్ని పాలిస్తుండె?"

"పూటకు నాలుగు లీటర్లట. పడ్డనాటికి ఆరు నెలల సూడిదట."

ఆయన కొడవలి కింద పెట్టాడు. ఎదురుగా కట్టేసిన తన బర్రె వంక చాలాసేపు చూశాడు. ఆ తరువాత ఓడ మల్లన్న మాట మళ్లీ ఎత్తలేదు.

"చూసిందే రాయి," అన్నాడు అన్నం దగ్గర.

ప్రణవి చూసిందే రాసింది. ముప్పైలో నాలుగు టిక్కులు, ఇరవై ఆరు ఇంటూలు. చెరువుకు నిర్వచనం రాయాల్సిన చోట మజహర్ మాట రాసి, పక్కన అతని పేరు పెట్టింది. ఇంతటితో ఆగినా బాగుండేదేమో, కృతజ్ఞతల పేజీ మిగిలింది. ఆ విభాగంలో కృతజ్ఞతల పేజీకి ఒక సంప్రదాయం ఉంది. పాతికేళ్లుగా ఒకే పేరా, బ్యాచి నుంచి బ్యాచికి చేతులు మారుతూ వస్తుంది: మొదట దైవం, వెంటనే గైడు, గైడు లేనిదే ఈ గ్రంథం లేదు. కొందరు కాపీ కొట్టే తొందరలో పాత గైడు పేరు మార్చడం కూడా మరిచిపోతారు. ప్రణవి ఆ పేరా తీసేసి, మొదటి వాక్యం ఇలా రాసింది: పదిహేడో పాయింటు దగ్గర పడి చనిపోయిన నాగవ్వ బర్రెకు. రెండోది మజహర్‌కు. మూడోది మేడంకు.

వైవాకు బయటి పరీక్షకుడిగా కలబురగి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. కన్నడ యాసలో నిదానంగా అడిగాడు. "గనిని, చెరువును విడదీయడానికి మీ పద్ధతి ఏమిటి?"

"బర్రె సార్."

ఆయన నవ్వాడు. తరువాత పేజీ తిప్పి చదివాడు, ఇంక నవ్వలేదు. "ఇది ఏ పుస్తకంలో ఉంది?"

"ఇందులోనే సార్."

మంచి మార్కులే వేసి పోయాడు. ఆయన పోయాక మేడం ప్రణవిని గదిలోకి పిలిచింది. లెక్క తప్పన్నందుకు తనకేమీ కోపం లేదంది, సైన్సులో అవి మామూలే. కానీ ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో తన పేరు బర్రె తరువాత రావడం ఇదే మొదటిసారి అంది. ఉత్తరం నవీన్‌కు రాసింది. నవీన్ అదే బ్యాచిలో బంట్వారం వైపు ముప్పై పాయింట్లకు ముప్పై టిక్కులు పెట్టిన బుద్ధిమంతుడు. ఆ టిక్కులన్నీ ఒక్క ఆదివారం మధ్యాహ్నం హాస్టల్ మంచం మీద పడ్డాయని అందరికీ తెలుసు.

ప్రణవి వికారాబాద్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో చేరి, ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్లకు ఏ నది ఎక్కడ పుట్టిందో బట్టీ పట్టించడం మొదలుపెట్టింది. వేరే విశ్వవిద్యాలయాలకు దరఖాస్తులు పంపుతూనే ఉంది. ప్రతి దరఖాస్తులో సిఫారసు చేసేవారి పేరు దగ్గర ఒక ఖాళీ గడి ఉండేది. ఆ గడి చూసినప్పుడల్లా ఏడుపొచ్చేది. ముప్పై టిక్కులకు ఇదంతా తప్పిపోయేదని ఒక్కోసారి గట్టిగానే అనిపించేది.

ఏడాది తిరక్కుండానే మేడం కొత్త వ్యాసం వచ్చింది. పశు ప్రవేశ్యతా సూచిక: జలవనరుల గుర్తింపులో ఒక నూతన పద్ధతి. పశువు దిగి ఎక్కగలిగితే ఒకటి, లేకపోతే సున్నా. తన పాత లెక్కను తానే సవరించుకున్న నిజాయితీకి మేడంకు ఇంకో శాలువా వచ్చింది. వ్యాసంలో రెండో పేరు నవీన్‌ది. ప్రణవి దాన్ని రెండుసార్లు చదివి, క్లాసుకు పోయి, మూసీ పుట్టుక గురించి చెప్పింది.

ఆ మరుసటి వారం మజహర్ ఫోన్ చేశాడు.

"ట్యాంకర్ వస్తుంది బిడ్డ, దినం విడిచి దినం. గోడ మీది పటం తీసేసిన్రు. ఎవలో పెద్ద మేడం కనిపెట్టిందట, బర్రె దిగకుంటే అది చెరువు గాదని. సారు మమ్ముల కూసోబెట్టి సమజ్ చేసిండు. మేం గూడ, అవునా సార్, అనుకుంట విన్నం."

ప్రణవికి నవ్వొచ్చింది.

"దాంట్ల నీ పేరున్నదా బిడ్డ?"

"లేదు చిచ్చా. నీది గూడ లేదు."

"బర్రెది?"

"అదీ లేదు. నా దాంట్ల ఉంది. మొదటి పేజీల, మేడం కన్న ముందు."

అవతల మజహర్ ఆ మాట ఎవరికో చెప్పడం వినిపించింది. ఫోన్ చేతులు మారింది.

"నేను బిడ్డ, నాగవ్వను. పుస్తకంల రాసినవట గదా."

"రాసిన అవ్వా." ప్రణవి ఏడాదిగా నోట్లో ఉన్నది చెప్పేసింది. "అవ్వా, ఆనాడు నీకు అబద్ధం చెప్పిన. ఆ పటం గీసింది మా మేడమే. నాకు అప్పుడే ఎర్క."

"నాకు గూడ ఎర్కనే," అంది నాగవ్వ. "నీ సంచిలకెళ్లి గా నీలం చుక్కలు కానొస్తనే ఉండె. చెప్తవేమోనని అడిగిన."

ప్రణవి ఫోన్ ఇంకో చెవికి మార్చుకుంది.

"పోనీలే. చెప్పాల్సినకాడ చెప్పినవు," అంది ముసలామె. "దాని పేరు రాసినవా మరి?"

"నాగవ్వ బర్రె అని రాసిన."

"గది నా పేరు గద బిడ్డ. దాని పేరు లచ్చి."

ఫోన్ పెట్టేశాక ప్రణవి అల్మారాలోంచి తన డిసర్టేషన్ తీసింది. చూసిందే రాశానని ఏడాదిగా గర్వపడుతున్న పుస్తకం అది. మొదటి పేజీలో, నాగవ్వ బర్రె అన్న మాటల పక్కన, పెన్నుతో లచ్చి అని రాసింది.