పొగరంగు కంటిపాప

"మా ఇంట్లో ముగ్గురికీ కలిపి ఒకటే మంచి కన్ను" అని మా అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్విస్తుంది. ఆవిడకు వయసుతో చూపు ఆనదు. నాకు చిన్నప్పటి నుంచీ సోడాబుడ్డి కళ్ళద్దాలు. అవి తీస్తే ఎదురుగా ఉన్నది మనిషో బీరువానో తెలియదు. ఆ ఒక్క మంచి కన్నూ మా ఆయనది. రెండోది చిన్నతనంలో రాయి తగిలి దెబ్బతింది, ఆపరేషన్ చేసినా నిలవలేదు. ఇప్పుడు ఆ చోట ఉన్నది నేను చేసిన కన్ను.

నా పని అదే. కన్ను పోయినవాళ్ళకు పెట్టుడు కళ్ళు చేస్తాను. గాజు కన్ను అంటారు గానీ అది ప్లాస్టిక్. మనిషిని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, నా కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టి, ముక్కూ ముక్కూ రాసుకునేంత దగ్గరగా వెళ్ళి బతికున్న కంటిని చూస్తాను. దూరానికి గుడ్డిదాన్నే గానీ అంత దగ్గరలో నాకు కనిపించనిది లేదు. చూసింది చూసినట్టు రంగు వేస్తాను. ఎర్ర పట్టుదారం పోగులు పరిచి నరాలు చేస్తాను. నేను చేసిందేదో, పుట్టుకతో వచ్చిందేదో చెప్తామని పందెం కాసి ఓడినవాళ్ళున్నారు. ఆ గర్వం నాకుంది, లేదనను. మా ఆయన కన్ను కూడా ఏటా దించి, మెరుగుపెట్టి, రెండోదానితో జత కుదిరేలా దిద్ది పెట్టేదాన్ని.

కళ్ళద్దాలు పోయేలా లేజర్ చేయించుకోమని పోరుపెట్టింది ఆయనే. ఆయన తాళాలు బాగుచేస్తాడు, మాటలు పొదుపు. అలాంటి మనిషి చెవిలో జోరీగలా అదే పాట పాడాడు.

"ఇన్నేళ్ళు గడిచాయిగా, ఇప్పుడెందుకండీ?" అన్నాను.

"చేయించుకో. నా మాట విను" అన్నాడు.

కంటి డాక్టరమ్మ అన్నీ విడమరిచి చెప్పింది. మొదటి రోజు మంట, నీళ్ళు కారడం. తర్వాత కొన్నాళ్ళు కళ్ళు పొడిబారతాయి, దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తాయి. నలపకూడదు, నిద్రపోయేటప్పుడు ప్లాస్టిక్ మూతలు పెట్టుకోవాలి. "దూరం చక్కగా కనిపిస్తుంది. కానీ మీకు నలభై దాటాయి. అద్దాలు తీసి ఇప్పుడు చూస్తున్నంత దగ్గరగా ఇక చూడలేరు, దగ్గరి పనికి వేరే అద్దాలు కావాలి. మీ పనికి ఇది ముఖ్యం, ఆలోచించుకోండి" అంది. నేను వానలో అద్దాలు తుడుచుకునే పని లేకుండా నడవడం గురించి ఆలోచిస్తూ ఆ ముక్క ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాను.

ఆపరేషన్ పెద్దగా నొప్పి పెట్టలేదు. చుక్కలు వేసి కన్ను మొద్దుబార్చారు, రెప్ప పడకుండా ఏదో తగిలించారు. కంటి మీద బరువుగా అదిమినట్టయి కాసేపు అంతా నల్లబడింది. తర్వాత ఒక వెలుగు చుక్కనే చూస్తూ ఉండమన్నారు. కాలుతున్న వాసన వచ్చింది. అది నా కంటి నుంచే వస్తోందని అర్థమయ్యాక బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాను.

ఇంట్లో చుక్కల మందు వేసే పని ఆయన తీసుకున్నాడు. మొదటి చుక్క చెంప మీద పడింది. రెండోది చెవిలోకి పోయింది.

"నా కొడుక్కి తాళం కన్నం దొరుకుతుంది గానీ పెళ్ళాం కన్ను దొరకదు" అంది అత్తగారు. ముగ్గురం నవ్వుకున్నాం. సీసా లాక్కుని నేనే వేసుకున్నాను.

కొద్ది రోజులకు మసక విడిపోయింది. గోడ గడియారం ముళ్ళు, ఎదురు మేడ మీద ఆరేసిన బట్టల క్లిప్పులు, అన్నీ అద్దాలు లేకుండానే కనిపిస్తుంటే పసిపిల్లలా గదిగదీ తిరిగాను. అలా తిరుగుతూ, గది ఈ చివర నుంచి మా ఆయన ముఖం చూశాను. అక్కడే ఆగిపోయాను.

ఒక కన్ను నన్ను చూస్తోంది, ఒకటి చూడటం లేదు. చూస్తున్నది నేను చేసిన కన్ను. రెండింటిలో అదే తేటగా, ప్రాణంతో ఉంది. దాని పక్కన, అమ్మ కడుపులోంచి వచ్చిన కన్ను బొమ్మకు అతికించినట్టుంది. నేను కిటికీ వైపు జరిగినా ఆయన ముఖం తిరగలేదు. కొత్త కళ్ళు ఆడుతున్న నాటకం అని సర్దిచెప్పుకున్నాను గానీ, ఆ రోజు నుంచి ఆయన ఎదురుగా కూర్చోవాలంటే భయం వేసేది.

ఒక సాయంత్రం నేను వంటగదిలో గిన్నెలు తుడుస్తుండగా ఆయన పని నుంచి వచ్చాడు. తలుపు పక్కన కొక్కేనికి నా వానకోటు వేలాడుతోంది. దీపం వెలుగు పడి దాని పైగుండీలు రెండు మెరుస్తున్నాయి. ఆయన వచ్చి ఆ కోటు ముందు ఆగాడు.

"కళ్ళు మండుతున్నాయా?" అన్నాడు మెల్లగా.

తల కాస్త వంచి జవాబు కోసం ఆగాడు. ముఖంలో, నాతో మాట్లాడేటప్పుడు మాత్రమే వచ్చే చిన్న నవ్వు.

"ఇవాళ బయటికెళ్ళావా? అన్నీ బాగా కనిపిస్తున్నాయా?"

తుడుస్తున్న గిన్నె పట్టుకుని చూస్తున్నాను. నేను ఇక్కడుంటే అక్కడున్నది ఎవరు? దీపం చుట్టూ లేని వలయాలు చూపిస్తున్న కళ్ళు, ఉన్న మనిషిని దాచవని నమ్మకమేమిటి? ఒక్క క్షణం నేనే లేనేమో అనిపించి చెయ్యి గిల్లుకున్నాను. ఆయన చెయ్యి చాచి కోటు భుజాన్ని నిమిరాడు. నిమిరిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. తర్వాత చటుక్కున వెనక్కి తీసుకుని, వేళ్ళతో గోడను రాసుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాను. పరీక్ష చేసి, చూపు చక్కగా ఉందనీ, వలయాలు నెమ్మదిగా తగ్గుతాయనీ చెప్పింది. మా ఆయన పెట్టుడు కన్ను నన్ను చూస్తోందని చెప్పలేదు. చెబితే ఎలాంటి డాక్టరు దగ్గరికి పంపుతుందో తెలుసు.

తప్పు నా పనిలోనే ఉండాలి అనుకున్నాను. ఆపరేషన్ గొడవలో ఈ ఏడు ఆయన కన్ను దిద్దనేలేదు. దించి ఇమ్మంటే ఆయన నా అరచేతిలో పెట్టాడు. పనిగదికి తీసుకెళ్ళి అలవాటు కొద్దీ ముక్కు దగ్గరికి తెచ్చుకుంటే ఏమీ తెలియని మసక ముద్ద. డాక్టరమ్మ మాట అప్పుడు చెవికెక్కింది. భూతద్దం వెతికి, దీపం కింద పెట్టి చూశాను.

కంటిపాప నల్లగా లేదు. పొగరంగులో ఉంది.

మా పనిలో కంటిపాపకు నలుపు తప్ప మరో రంగు లేదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు కూడా ఆ తప్పు చెయ్యరు. నేనెందుకు చేశాను? నిరుడు కిటికీ దగ్గర ఆయన్ని కూర్చోబెట్టి, చూసింది చూసినట్టు వేశాను గనుక. అప్పటికే ఆ ఒక్క మంచి కంట్లో శుక్లం పెరుగుతోంది. నేను దాన్ని చూసి భయపడలేదు, దానికి తగిన రంగు కలిపాను. జత కుదిరిందని మురిసిపోయాను. ఈ ఏడు నేను దిద్దలేదు. బతికున్నది ఒక్కటే ఇంకా తెల్లబడింది.

పనిగది నుంచి ఇంట్లోకి వచ్చేసరికి ఆయన ఒక తాళం విప్పుకుని కూర్చున్నాడు. కన్ను లేని రెప్ప వాలి ఉంది. రెండో కన్ను గోడ వైపు ఉంది. పని వేళ్ళే చూసుకుంటున్నాయి.

"ఎన్నాళ్ళ నుంచి కనిపించట్లేదు?" అన్నాను.

వేళ్ళు ఆగాయి. "రెండేళ్ళ నుంచి తగ్గుతూ వచ్చింది. ఇప్పుడు వెలుగూ చీకటీ తెలుస్తాయి. మెరిసేవి తెలుస్తాయి."

"అది శుక్లమండీ. తీసేస్తారు. ఎందుకు చెప్పలేదు?"

"ఒకటి ఆపరేషన్ చేసినా పోయిందిగా. ఉన్నది ఇదొక్కటే. ఇప్పుడు ఈ కాస్త వెలుగైనా ఉంది. అందుకే ముందు నీకు చేయించాను. ఇంట్లో ఒకరికైనా చూపుండాలిగా."

కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "మీ తెలివి తెల్లారినట్టే ఉంది" అన్నాను.

"ఒక్కటి మాత్రం అనుకోలేదు" అన్నాడు. "నీ కళ్ళద్దాలు మెరిసేవి. నువ్వు పలక్కపోయినా ఆ రెండు మెరుపులు చూసి, ఇదుగో ఇక్కడుందిలే అనుకునేవాణ్ణి. ఇప్పుడవి లేవు. ఇల్లంతా నిన్నే వెతుక్కుంటున్నాను."

"రేపు పొద్దున్నే డాక్టరమ్మ దగ్గరికి వెళ్తున్నాం" అన్నాను.

"అదీ పోతే?"

"పోతే నేనుంటాను."

తాళాన్ని వేళ్ళ మధ్య తిప్పాడు. "సరే" అన్నాడు చివరికి. అని, నాకెంతో ఇష్టమైన ఆ చిన్న నవ్వు నవ్వాడు, నా ముఖానికి జానెడు పక్కన, ఎవరూ లేని చోట. నేనే జరిగి ఆ నవ్వుకు ఎదురుగా కూర్చున్నాను.